ఏడో గడి

బావకు,

కుసుమ నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తా కులాసాగానే ఉన్నాం. వెరావల్‌లో నువ్వూ, బోటులో నీ తోటివాళ్ళూ బాగున్నారని తలుస్తాను. గంగులు మావ రేపు రైలెక్కి అక్కడికే వస్తున్నాడు. ఫోనులో నీ గొంతు వింటే అనుకున్నది చెప్పలేకపోతున్నాను. అందుకే రాసి ఆయన చేతికిస్తున్నాను.

అత్త మోకాలి నొప్పి అడిగావు. చలి తగ్గాక కాస్త నయం. నా కొత్త పనేమిటనీ అడిగావు. ఎచ్చెర్ల యూనివర్సిటీ నుంచి నీలవేణి మేడం వచ్చి, మన తీరంలో వాటంతటవే మొలిచే మొక్కలన్నిటినీ పటంలోకి ఎక్కిస్తున్నారు. తీరాన్ని అర కిలోమీటరు గడులుగా విడగొట్టి, డిగ్రీలో బోటనీ చదివానని నాకు పద్నాలుగు గడులు అప్పజెప్పారు. గడి అంతా నడిచి, ఎక్కడ ఏ మొక్క ఉందో ఫోనులో గుర్తు పెట్టాలి. రావణాసురుడి మీసాల గడ్డి ముళ్ళలా కాళ్ళకు గుచ్చుకుంటుంది. పొద్దున్నే వెళితే మధ్యాహ్నం దాకా మనిషి జాడ ఉండదు. మొక్కల పేర్లు పైకి అనుకుంటూ నడుస్తాను, ఏదో ఒక గొంతు వినబడాలని.

ఏడో గడి మాత్రం నేను నడవలేదు. ఇంట్లో కూర్చుని, 'ఇసుక తప్ప ఏమీ లేదు' అని పంపేశాను.

కిందటి వారం మేడం ఫోను చేశారు. పటంలో ఖాళీగా ఉన్న గడుల్లో సరుగుడు తోట వేస్తారట. సోమవారం ట్రాక్టరు వచ్చి ఏడో గడి దున్నుతుందట.

బావా, మూడు రోజులు బతికిన మన పాప ఉన్నది ఆ గడిలోనే. వారం వారం వెళ్ళి చూసి వస్తున్నానని నీకు చెబుతూ వచ్చాను. అబద్ధం. ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ వైపు అడుగు పడేది కాదు.

ఆ రోజు పాపను పూడ్చడానికి ఎత్తుకెళ్ళింది ఎదురింటి బుల్లమ్మ పిన్నే కదా. ఆమె దగ్గరికి పరుగెత్తాను.

"పిన్నీ, పాప ఎక్కడున్నాదో సూపించు."

"ఇన్నాళ్ళకి అడిగినావే! పద," అని చేతికర్ర అందుకుంది.

నేను ఏమీ లేదని రాసిన నేలంతా బాలబంద తీగ అల్లుకుని ఉంది, ఊదా పూలతో. పిన్ని అటూ ఇటూ తిరిగి, చివరికి చతికిలబడింది.

"మొగలి డొంక పక్కనే ఎట్టినానే. తుపానుకి డొంక కొట్టుకుపోనాది. ఇప్పుడు ఏ సోటో సెప్పలేనే తల్లీ."

ఎక్కడ అడుగేయాలో తెలియక చెప్పులు విప్పేశాను. ఆ గడి అంతా మెల్లగా నడిచాను. పదకొండు రకాల మొక్కలు గుర్తు పెట్టాను. తర్వాత మేడంకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె, "ట్రాక్టరు రాకుండా చూస్తాను. కానీ కుసుమా, నీ పద్నాలుగు గడులూ మళ్ళీ నడవాలి. చూడకుండా ఒకటి రాశావని తెలిశాక, మిగతావి ఎలా నమ్మమంటావు?" అన్నారు.

న్యాయమే. సోమవారం ట్రాక్టరు రాలేదు. నేను మళ్ళీ మొదటి గడి నుంచి మొదలుపెట్టాను.

బావా, ఇదిగో ఇక్కడ అని నీకు చూపించలేను. వేట నిషేధానికి నువ్వు వచ్చినప్పుడు ఆ అర కిలోమీటరూ ఇద్దరం కలిసి నడుద్దాం. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు.

కోపం వస్తే ఫోను చేసి తిట్టు. ఎంతసేపైనా తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

ఇట్లు,
నీ ఇల్లాలు,
కుసుమకుమారి