ద్రాక్షతీగకు కట్టిన సీసా

బుదైయా, బహ్రెయిన్
శివరాత్రి దగ్గరి రోజులు

మా కొమురన్నకు, నీ తమ్ముడు మల్లేశం కాళ్లకు మొక్కి రాసేది.

అన్నా, నేనిక్కడ బాగున్నాను. నువ్వూ, వదినా, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? చెట్టెక్కేటప్పుడు జాగ్రత్త. నీ ఉత్తరం అంది చాలా రోజులైంది, వెంటనే రాయలేదని కోపం చేసుకోకు. నువ్విక చెట్టెక్కేది లేదు కదా తమ్ముడూ, నీ చెట్టెక్కే మోకు, కల్లు గీత కత్తి చిన్నాయన అల్లుడు సాయిలుకు ఇచ్చేయనా అని అడిగావు. నువ్వన్నది నిజమే. అయినా ఆ మాట చదివాక అన్నం సయించలేదు. ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టేశాను.

నా గురించి బెంగ వద్దు. తుబ్లీలోని కూలీల క్యాంపు వదిలి ఈ బంగళాలో తోటపనికి వచ్చాక ప్రాణం తెరిపిన పడింది. ఖర్జూరం చెట్లెక్కి మట్టలు కొట్టేవాడు కావాలంటే నాకు వీసా ఇచ్చిన కఫీల్ నన్ను పంపాడు. మన ఈతచెట్టే నాకు అన్నం పెట్టిందనుకో. చలి తగ్గింది, ఎండ ఇంకా ముదరలేదు. వంట చేసే మంగమ్మక్కది గోదావరి వైపు. ఆమె దయవల్ల తిండికి లోటు లేదు. కారం తక్కువైందంటే మాత్రం పోట్లాటకు వస్తుంది.

ఇంటి సాబ్‌ది జర్మనీ, ఇక్కడ ఇంజినీరు. అక్కడ వాళ్ల నాన్నకు ద్రాక్షతోటలున్నాయి. మూడు వందల ఏళ్లకు పైగా ఆ ఇంట్లో వైన్ తీస్తున్నారట. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే ద్రాక్ష కల్లు. ఆ తోట పుల్ల ఒకటి తెచ్చి సాబ్ ఇక్కడ నాటి, పందిరికి పాకించాడు. ఈమధ్య దాని కొమ్మలు కత్తిరించమన్నాడు. కత్తిరించిన మర్నాడు చూస్తే కోసిన చోట బొట్టు బొట్టుగా నీరు కారుతోంది. కారేది చూస్తే మన చేయి ఊరుకుంటుందా? కొస కాస్త చెక్కి, ఖాళీ సీసా కట్టాను. సాయంత్రం మళ్లీ చెక్కాను. తెల్లారేసరికి సగం నిండింది. రుచి చూస్తే చప్పటి నీళ్లు. ఎండ తగిలితే కల్లులా పొంగుతుందేమోనని అలాగే ఉంచాను.

కొడుకును చూడటానికి వచ్చి ఉన్న సాబ్ వాళ్ల నాన్న, ఆ పెద్దాయన, ఆ పొద్దునే పందిరి కిందికి వచ్చి సీసా చూశాడు. వెనకే సాబ్ వచ్చాడు, మొహం ఎర్రగా. మంగమ్మక్క నా చెవిలో, "ఏం పని చేశావయ్యా? ఆ తీగంటే ఆయనగారికి ప్రాణం. ఇంక మూట సర్దుకో" అంది. ఖలాస్, మళ్లీ క్యాంపే అనుకున్నాను.

"ఎందుకు కట్టావని సాబ్ అడుగుతున్నారు" అంది మంగమ్మక్క.

"మా దిక్కు చెట్టు కారితే కల్లు లొట్టి కడ్తం అక్కా. మా తాత కట్టిండు, మా అన్న కడ్తుండు. నాకు గదే ఎరుక."

ఆమె ఇంగ్లీషులో సాబ్‌కు చెప్పింది, సాబ్ వాళ్ల భాషలో తండ్రికి చెప్పాడు. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. చలి పోయి వేర్లు లేచేటప్పుడు తీగ ఇలాగే కారుతుందట, ప్రాణంతో ఉందన్నమాట. ఇక చెక్కకు, దానంతటదే ఆగుతుందన్నాడు. ఇన్ని తరాల్లో మా ఇంట్లో దానికి సీసా కట్టాలని ఒక్కడికీ తోచలేదన్నాడు. అప్పుడు నాకు ఊపిరి ఆడింది.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఇంటి కథంతా చెప్పాడు. వాళ్ల తాత కాలంలో ఏదో పురుగు వేర్లు తినేసి తోటంతా చచ్చిందట. పక్కవాళ్లు అమ్ముకుని పోయారు. తాత మాత్రం తోట తవ్వి కాల్చి, పరదేశపు వేరు తెచ్చి, దానికి తన తీగను అంటుకట్టి మళ్లీ పెంచాడు. యుద్ధంలో మగవాళ్లు పోతే ఆడవాళ్లే పళ్లు కోసి వైన్ తీశారు. వాళ్ల నేలమాళిగ గోడకు ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ ఒక మేకు, దానికి వాడి కత్తి ఉంటాయట. ఇల్లు వదిలి పోయినవాడి కత్తి ఎవరికీ ఇవ్వరు. ఏటా పంట దించాక దాన్నీ నూరి, నూనె రాసి, ఆ మేకుకే తగిలిస్తారు. యుద్ధం నుంచి తిరిగిరాని తన తమ్ముడి కత్తిని పెద్దాయనే నూరుతాడట. సాబ్ కత్తిని కూడా. ఆ మాట విని సాబ్ తీగ దగ్గరికి వెళ్లాడు. వేలాడే కొమ్మను పందిరికి కట్టాకే దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు.

పెద్దాయన నిన్న వెళ్లిపోయాడు. వెళ్తూ నా సీసా అడిగి తీసుకున్నాడు, కొడుకు కత్తి పక్కన కడతాడట. ఆయన మేలు మరిచిపోను.

అన్నా, నా చెట్లు సాయిలును గీసుకోమను. ఆయనకు కొత్త మోకు, కత్తి చేయించు, ఖర్చు నేను పంపుతాను. నావి ఇవ్వకు. ఎల్లమ్మ పండుగకు నీ కత్తి నూరుకునేటప్పుడు నాదీ నూరు, మోకుకు కాస్త నూనె రాయి. వదినకు దండాలు, పిల్లలకు ముద్దులు, చిన్నాయనకు మొక్కానని చెప్పు. మీ దీవెనలే నాకు అండ.

వస్తానో రానో నాకే తెలియదన్నా. కానీ మన ఇంట్లో నా మేకు ఖాళీ అయిందని వింటే ఇక్కడ నిలవలేను.

నీ తమ్ముడు,
మల్లేశం