డెల్బర్ట్‌ని పిలవకుండా ఇంటిబండి మరమ్మతు

మే 28, మంగళవారం

సరస్సు నుంచి మధ్యాహ్నం ఇల్లు చేరాం. సెలవులు మూడు రోజులు, అందులో వాన రెండు రోజులు. బయట పడే వాన బయటే పడి ఊరుకోలేదు. మంచం, పొయ్యి, కుళాయి అన్నీ ఉన్న మా ఇంటిబండి కప్పులోంచి కారి, సరిగ్గా ఓరిన్ పాన్‌కేక్ మీద పడింది. "మెత్తబడిందిలే" అని తినేశాడు. నా మొగుడు అంత మంచివాడు.

నా తమ్ముడు డెల్బర్ట్ మాత్రం కాదు. పక్కనే వాళ్ళ బండి. మా మంచం మీద బకెట్ చూసి, చుట్టుపక్కల బళ్ళవాళ్ళందరూ వింటుండగా, "అక్కా, నడపడం నీ పని, బాగుచేయడం నా పని. నువ్వు దేని మీదా చెయ్యి వెయ్యకు" అన్నాడు. అందరూ నవ్వారు.

మా ఊరు బెమిడ్జిలో ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని. మంచులో ఇంజన్ మొరాయిస్తే వీడొచ్చి స్టార్ట్ చేశాడా?

"నా బండి ఛాయలకి రాకు" అన్నాను.

"రాను. చూద్దాం" అన్నాడు.

నిర్ణయం! జులై నాలుగు స్వాతంత్ర్య దినం సెలవులకి మళ్ళీ బయల్దేరేలోగా అన్నీ నా చేతులతోనే. కప్పు కారకూడదు. కుళాయిలో వేడినీళ్ళు రావాలి (ఈ ఏడాది ఇంతవరకు రాలేదు). ఈ రెండే. సోకులు లేవు. డెల్బర్ట్‌ని పిలవను. చచ్చినా పిలవను!!

జూన్ 1, శనివారం

కప్పెక్కాను. దొంగ దొరికింది. కప్పుకున్న గాలి కిటికీ చుట్టూ పూసిన పాత జిగురు ఎండి బీటలు వారింది. అంతా గీకి పారేశాను. మోకాళ్ళ గురించి రాయను.

"నిచ్చెన పట్టుకున్నావా?"

"పట్టుకున్నా" అన్నాడు కిందనుంచి ఓరిన్.

"ఏ చేత్తో?"

"కాలితో. చేతుల్లో పేపరుంది."

కొత్త జిగురు కేకు మీద క్రీములా పూశాను. ఆరాక గొట్టంతో నీళ్ళు కొట్టాను. లోపల ఓరిన్ వెల్లకిలా పడుకుని కాపలా. ఒక్క చుక్క లేదు! దిగొచ్చి ముద్దుపెట్టుకున్నాను. నా చేతి జిగురు అతని గడ్డానికి అంటింది. ఇంకా వదల్లేదు.

ఎంత తేలిక! డెల్బర్ట్ ఇన్నాళ్ళూ దీన్నొక బ్రహ్మవిద్యలా చూపించాడు.

జూన్ 2, ఆదివారం

డెల్బర్ట్ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. ఇవాళ చేయలేదు. మంచిదే. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జూన్ 6, గురువారం

లోపల కప్పుకి వాన మరక మిగిలింది. మరక మీద కాస్త తెల్లరంగు వేశాను. అక్కడ తెల్లగా కనిపించేసరికి మిగతాదంతా పచ్చకామెర్లు వచ్చినట్టయింది. కప్పంతా వేశాను. ఇది సోకు కాదు. మరమ్మతులో భాగం.

జూన్ 10, సోమవారం

కప్పు తెల్లబడ్డాక అలమరాలు మసిబారినట్టు కనిపిస్తున్నాయి. తలుపులన్నీ ఊడదీసి హాల్లో పరిచాను. ముదురు ఆకుపచ్చ రంగు. ఒక తలుపు ఓరిన్ కుర్చీ చేతుల మీద ఆరుతోంది. అతను నిలబడి బేస్‌బాల్ చూస్తున్నాడు.

"మరి వేడినీళ్ళు?" అన్నాడు.

"వరసలో ఉన్నాయి."

నిన్న కూడా ఫోన్ రాలేదు. మా ఫోన్ పనిచేస్తోందో లేదో అని ఓరిన్ చేత చేయించి చూశాను. పనిచేస్తోంది.

జూన్ 16, ఆదివారం

నాన్నల రోజు. ఏటా నేనూ డెల్బర్ట్ కలిసి నాన్న సమాధి దగ్గరికి వెళ్తాం. ఈసారి ఒక్కదాన్నే వెళ్ళాను. అప్పటికే అక్కడ తాజా పూలున్నాయి. నా పూలు పక్కన పెట్టి వచ్చేశాను.

తిరిగి వచ్చి బండిలో నేల పట్టా చించేశాను. అది పాతదైపోయింది. వేరే కారణమేం లేదు.

జూన్ 20, గురువారం

వేడినీళ్ళు! నీళ్ళు కాగే ట్యాంకు తలుపు తీశాను. మంట గొట్టంలో సాలీడు కాపురం. దులిపాను. మంట నీలంగా, అందంగా వెలిగింది. ట్యాంకు ముట్టుకుంటే కాలుతోంది. కుళాయి తిప్పితే మంచునీళ్ళు.

అలా ఎలా?

పంపు పాడైందని తేల్చాను. కొత్త పంపు తెచ్చి బిగించాను. ఇప్పుడు చన్నీళ్ళు చాలా జోరుగా వస్తున్నాయి.

జూన్ 25, మంగళవారం

వాన. బయట పని లేదు. లోపలా సాగలేదు. గొట్టాలన్నీ విప్పి మళ్ళీ బిగించాను. ఒక గొట్టం మిగిలింది. ఎక్కడిదో తెలియదు. అది లేకుండానే అన్నీ పనిచేస్తున్నాయి, వేడినీళ్ళు తప్ప.

బండిలో నేల లేదు. అలమరాలకి తలుపుల్లేవు. ఇంట్లో నడవడానికి దారి లేదు. ఓరిన్ రాత్రి భోజనం అలమరా తలుపు మీద పెట్టుకుని తిన్నాడు. ప్యాంటుకి ఆకుపచ్చ రంగు.

"మార్లిస్, ఫోన్ చేయనా?"

"ఎవరికి?"

"ఎవరికో ఒకరికి."

"ఎవరికీ వద్దు."

"సరే. ఈసారికి సెలవుల్లో ఇంట్లోనే ఉందాంలే."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

జూన్ 29, శనివారం

పొద్దున డెల్బర్ట్‌కి ఫోన్ చేశాను. సాయానికి కాదు. మొన్న సరస్సు దగ్గర వాళ్ళావిడ గిన్నె ఒకటి నా సామాన్లలో కలిసిపోయింది. వచ్చి పట్టుకెళ్ళమని చెప్పడానికి.

కాఫీ కాగేలోపే వచ్చాడు. గిన్నె కోసం వచ్చినవాడి చేతిలో పనిముట్ల పెట్టె.

"ఇదెందుకురా?"

"గిన్నె బరువెంతో తెలియదు కదా."

బండిలోకి తొంగిచూశాడు. నేల లేకపోవడం చూశాడు.

"నవ్వాలంటే నవ్వు" అన్నాను.

"నవ్వితే మళ్ళీ తరిమేస్తావు. ఏమైంది చెప్పు."

చెప్పాను. ట్యాంకు వేడి, కుళాయిలో చన్నీళ్ళు. వింటూ వింటూ ముఖం మాడ్చాడు. మంచం కింద బోర్లా పడుకుని చెయ్యి పెట్టి, ఏదో చిన్న పిడి తిప్పాడు. ట్యాంకు నిండి నీళ్ళు కాగేదాకా ఆగి, "ఇప్పుడు చూడు" అన్నాడు.

కుళాయిలో పొగలు కక్కే నీళ్ళు!

"ఏంట్రా ఆ పిడి?"

"చలికాలంలో ట్యాంకులో నీళ్ళు గడ్డకట్టి పగలకుండా, నీళ్ళు అందులోకి పోకుండా మూస్తారు. వేసవిలో తెరవాలి."

"ఎవరు మూశారు?"

పనిముట్లు ఒక్కొక్కటే పెట్టెలో సర్దాడు. "అక్టోబరులో... నేనే. తెరవడం మరిచిపోయా."

నేను మెట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. కొత్త పంపు! అన్ని గొట్టాలు!

"అంతమంది ముందు నన్నంత మాటన్నావు కదరా!"

"తప్పే అక్కా. ఆ మాట అన్న దగ్గర్నుంచి తిండి సయించలేదు. ఫోన్ తీసేవాణ్ణి, మళ్ళీ పెట్టేసేవాణ్ణి."

"నేను ఫోన్ బాగుందో లేదో చూసుకున్నాను."

తర్వాత తనే నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు. గాలి కిటికీ చుట్టూ వేలితో తట్టి చూస్తున్న చప్పుడు.

"ఏం, బాగాలేదా?"

"జిగురు గీత కొంచెం వంకర" అన్నాడు. దిగుతూ, "నాన్న కూడా ఇంత గట్టిగా పూసేవాడు కాదు" అన్నాడు.

జులై 2, మంగళవారం

మూడు రోజులుగా ఇద్దరం కలిసి నేల వేశాం, తలుపులు బిగించాం. రెండు తలుపులు తలకిందులు. వాటికి నువ్వంటే నువ్వని తిట్టుకున్నాం. ఓరిన్‌కి కుర్చీ దక్కింది. ఆ మిగిలిన గొట్టం ఎక్కడిదో డెల్బర్ట్‌కీ తెలియదు. పైకి తెలిసినట్టే ఉన్నాడు.

జులై 4, గురువారం

సరస్సు! మధ్యాహ్నం కుండపోత వాన. చుట్టుపక్కలవాళ్ళంతా మా బండిలో దూరారు. ఒక్క చుక్క కారలేదు. డెల్బర్ట్ కప్పుకేసి వేలు చూపించి, "మా అక్క చేసింది. నేను ముట్టుకోలేదు. అసలు ముట్టుకోనివ్వలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. నేను వేడినీళ్ళలో గిన్నెలు కడుగుతూ విననట్టున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. మా బండి తలుపు పక్కన నీడకి చాపే గుడ్డపందిరి వదులుగా ఉందని, పొద్దున్నే దాన్ని వాడే బిగించాడు. "ఏనుగెక్కినా కదలదు" అన్నాడు. ఎంత బిగించాడంటే నీళ్ళు జారే వాలు కూడా లేదు. వానంతా అందులోనే చెరువైంది. వాన తగ్గాక మాంసం కాల్చడానికి వాడు కింద నిలబడగానే గుడ్డ నిలువునా చిరిగింది. వాడూ, పొయ్యీ, ఇరవైమంది భోజనమూ ఒకేసారి తడిశాయి.

నవ్వింది నేనొక్కదాన్నే కాదు. వాడు కూడా.

జులై 7, ఆదివారం

ఇంటికొచ్చాం. పందిరి రెండు ముక్కలు. వంగిన కడ్డీ ఒకటి.

కొత్త నిర్ణయం! సెప్టెంబరు సెలవులకి మళ్ళీ బయల్దేరేలోగా గుడ్డపందిరి నా చేతులతోనే కుడతాను. పందిరి మాత్రమే. సోకులు లేవు. (చారల గుడ్డ అయితే బాగుంటుంది. అప్పుడు లోపల పరదాలు కూడా మార్చాలి.) డెల్బర్ట్‌ని పిలవను. ఈసారి నిజంగా పిలవను!!

ఇది రాస్తుండగానే వాకిట్లో ట్రక్కు ఆగింది. కిటికీలోంచి చూస్తే కుట్టుమిషన్ మోసుకుంటూ వస్తున్నాడు.

"నిన్నెవరు పిలిచారురా?"

"ఎవరూ పిలవలేదు. నేనే వచ్చా. దారం ఏ రంగు?"