చెంబెడు మంచినీళ్లు

ఆదివారం రాత్రి, చిత్తూరు

ఇవాళ మేం వెళ్లొచ్చిన పులికాట్ సరస్సు దీవిని మా ఆయన కనిపెట్టాడట! తరతరాలుగా జనం కాపురముంటున్న ఊరిని ఫోన్లో చూసి కనిపెట్టడమేమిటో. పడవ దిగినప్పటి నుంచి ఒకటే వీడియోలు. ఎండబెట్టిన రొయ్యలు, చిరిగిన వలలు, తల దువ్వుకుంటున్న ఆడవాళ్లు. తీయొచ్చా అని ఒక్కరినైనా అడిగితే కదా.

ఎండకు తాళలేక ఒక ఇంటి ముందు ఆగాం. ఆ ఇంటావిడ లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి గడప దగ్గర పెట్టింది. మా వైపు గడప దగ్గర నీళ్లు పెట్టారంటే కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మని. ఈయన వెనకా ముందూ చూడకుండా చెంబంతా బురద కాళ్ల మీద గుమ్మరించుకున్నాడు.

"తాగేదానికి ఇచ్చినా సామీ," అందామె. "మంచినీళ్లు మాకు పడవలో రావాల."

నాకు తల కొట్టేసినట్టయింది. ఈయనేమో నవ్వాడు.

"సుట్టూరా నీళ్లే ఉండాయి కదమ్మా!"

ఆమె ఖాళీ చెంబు తీసుకుంది. అలవాటుగా "పోయొస్తామక్కా" అన్నాను.

"పోండి. రావాకండి."

ఈయనకు అదీ వినపడలేదు. బస్సులో కూర్చుని, వచ్చే నెల ఆ దీవికి పోదాం రమ్మని స్నేహితులందరినీ ఫోన్లో పిలిచాడు. అంతమందీ పోయి ఆమె గడప ముందే నిలబడితే...

రేపు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి దాహమంటాడు. చెంబు తెచ్చి కాళ్ల దగ్గర పెడతాను. కడుక్కోమంటాను.