ముప్పై రెండో నమూనా

1954 ఫిబ్రవరి 9
మెజొకొవెష్ద్, హంగరీ

కుట్టుపని సహకార సంఘంలో ఉద్యోగం ఖాయమైంది. క్వాలిటీ చెకింగ్. ఒక బల్ల, రెండు రబ్బరు స్టాంపులు. ఛైర్మన్ కామ్రేడ్ శిపోష్ మొదటి పని అప్పజెప్పాడు. తెరేజ్ పిన్ని చేత పూలు కాగితం మీద వేయించుకు రావాలట. పిన్ని ఏనాడూ కాగితం ముట్టలేదు. కలం సిరాలో ముంచి, కొలతా గిలతా లేకుండా తిన్నగా బట్ట మీదే వేసేస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ గీతల మీదే కుడతారు. నాకు సూది పట్టడం నేర్పింది కూడా ఆవిడే.

ఫిబ్రవరి 14

బుడాపెస్టులో ఎగ్జిబిషన్ అని అబద్ధం చెప్పాను. పిన్ని మురిసిపోయింది. నా పూలు రాజధానికెళ్తాయటే, నేనే ఈ ఊరు దాటి ఎరగను కదే అని ఒకటే నవ్వు. గసగసాల రొట్టె పెట్టింది. తిన్నాను కూడా. సిగ్గులేని నోరు.

గీస్తుంటే పిల్లి బల్ల మీదికి దూకింది. చెయ్యి కదిలి ఒక కాడ వంకర పోయింది. ఇంకో కాగితం ఇవ్వవే, ఇది పాడైంది అంది. పర్లేదులే పిన్నీ అన్నాను. తొందర నాది.

ఫిబ్రవరి 20

గీతల వెంట సూదితో చిల్లులు పొడిచాం. ఆ కాగితం బట్ట మీద పరిచి పైన నీలంపొడి అద్దితే ఎవరైనా నిమిషంలో పువ్వు దించేయొచ్చు. రాజధాని నుంచి అప్రూవల్ కూడా వచ్చింది, ముప్పై రెండో నమూనా అని. ఇక తెరేజ్ పిన్నితో పనేముంది అన్నది శిపోష్ కాదు. నేనే. మెప్పు కోసం.

మార్చి 3

పూలు గీయమని పిన్నికి బట్ట ఇచ్చేవాళ్ళు లేరు.

మార్చి 18

పిన్ని తనే గీసి, తనే కుట్టిన దిండు గలీబు తెచ్చింది. నన్నూ సంఘంలో చేర్చుకోండమ్మా, పని లేకపోతే ఎలా బతకను అంది. అందరి ముందూ నన్ను మీరు అంది! చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మనిషి.

శిపోష్ పక్కనే నిలబడ్డాడు. కాగితం పరిచి పోల్చాను. నమూనాలో కాడ వంకర. పిన్ని గుడ్డ మీద తిన్నగా ఉంది. నమూనాతో సరిపోలలేదు అన్నాను. ఈ పూలు ఆవిడవే అని ఒక్క మాట చెప్తే పోయేది. ఉద్యోగం గుర్తొచ్చింది. పనికిరాదని ఎర్ర స్టాంపు వేశాను.

పిన్ని కాగితం కేసి చూసింది. తర్వాత నా కేసి. ఆ రోజు తను గీసిందేనని గుర్తుపట్టింది. గలీబు మడిచి పట్టుకెళ్ళిపోయింది. ఛీ, నాదీ ఒక బతుకేనా.

మార్చి 22

పిన్ని మళ్ళీ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. ఆ కాగితం నాకూ ఒకటి ఇప్పించండమ్మా, చూసి నేర్చుకుంటాను అంది.

రిజిస్టర్లో సంతకం చేయించుకుని ఇచ్చాను.