గాలం ఎవరు తేవాలి?

ట్రావ్నిక్

గౌరవనీయులైన వియ్యంకులు జుల్ఫో గారికి, హిల్మియా సలాము చేసి వ్రాయునది.

పెళ్ళివిందులో తమ ప్రసంగంలోని దోషాన్ని నేను నిండుసభలో సవరించిన నాటి నుంచి మన మధ్య మాటలు లేవు. మనమిద్దరం ఒక రోజంతా కలిసి చేపలు పట్టి, పోట్లాడకుండా ఇళ్ళకు చేరితేనే బైరాము పండుగకు వస్తానని అమ్రా శాసించింది. మా అమ్మాయి, మీ కోడలు, అన్నంత పనీ చేస్తుంది. కనుక శనివారం మీ ఊరు యాయ్‌త్సెకు, ప్లీవా ఏటికి వస్తున్నాను. గాలపు బెత్తాలు, దారపు చుట్టలు, రొమ్ము దాకా వచ్చే రబ్బరు బూట్లు, చేపలకు ఎరగా ఈకలతో నేను స్వయంగా కట్టిన ఉత్తుత్తి ఈగలు, అన్నీ ఇద్దరికీ సరిపడా సర్దాను.

భవదీయుడు,
హిల్మియా, విశ్రాంత భాషోపాధ్యాయుడు

తా.క.: అమ్రా చేత తాము పంపిన ఆహ్వానంలో రెండో వాక్యానికి క్రియ లేదు. నేనే చేర్చి చదువుకున్నాను.

యాయ్‌త్సె

బావగారూ, సలాం!

నా గుమ్మం ముందు పారే ఏటికి మీరు గాలం మోసుకొస్తారా? "జుల్ఫో ఇంట చుట్టానికివ్వడానికి ఒక బెత్తం కూడా లేదు పాపం" అనదూ ఊరు? బెత్తం నాది, బూట్లు నావి, ఈగలు నావి. మీరు చేతులూపుకుంటూ రండి, చాలు. మా ఆవిడ చీజు పెట్టి పొరల రొట్టె చేస్తుంది.

మీ జుల్ఫో

తా.క.: వాక్యంలో లేని క్రియ ఏట్లో చూపిస్తాను లెండి.

ట్రావ్నిక్

గౌరవనీయులైన బావగారికి,

వట్టి చేతులతో వియ్యంకుడి గడప తొక్కే వంశం కాదు మాది. అదీగాక తమ బూట్లలో నావంటివారు ఇద్దరు పట్టుదురు. ప్రవాహంలో బూట్లొక దిక్కున, నేనొక దిక్కున పోవడం నాకు సమ్మతం కాదు. ఎండకొక పెట్టె, మబ్బుకొక పెట్టె, సందేహానికొక పెట్టె చొప్పున ఈగలు సిద్ధమయ్యాయి. మంచమంతా సామానే.

హిల్మియా

తా.క.: మూలన నిలబెట్టిన నా రబ్బరు బూట్లను చూసి మా ఆవిడ, "అచ్చం మీలాగే ఉన్నాయి, కాకపోతే చెప్పింది వింటున్నాయి" అంటోంది.

యాయ్‌త్సె

బావగారూ,

ఆ పెట్టెలు తెస్తే నేను ఏటికే రాను. మీరొక్కరే నించుని చేపలకు వ్యాకరణం చెప్పుకోండి.

జుల్ఫో

తా.క.: అమ్రా ఫోన్ చేసింది. "ఇంకా ఏటి మొహమే చూళ్ళేదు, అప్పుడే తగువా మామయ్యా? సరే, పండక్కి మేం సముద్రానికి పోతాం" అని పెట్టేసింది. మా ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు.

ట్రావ్నిక్, గురువారం

ప్రియమైన బావగారికి,

ఆతిథ్యం మీ హక్కు. పెట్టెలన్నీ అటకెక్కించాను. కాఫీపొడి, రాగిగిన్నె మాత్రం తెస్తాను. బెత్తం మీది, ఈగ మీది, బూట్లు మీవి, మునిగినా సరే.

విధేయుడు,
హిల్మియా

తా.క.: మంచం ఖాళీ అయినందుకు మా ఆవిడ మీకు కృతజ్ఞతలు చెప్పమన్నది.

యాయ్‌త్సె, గురువారమే

బావగారూ,

ఓడిపోయాను. ఇంట్లో ఉంటే మళ్ళీ బుద్ధి మారుతుందని నా గాలాలన్నీ పక్కూరి వాళ్ళకు అరువిచ్చేశా. మీ బెత్తాలే, మీ ఈగలే. కోడలు పండక్కి రావాలి, అంతే.

మీ జుల్ఫో

తా.క.: ఆ సందేహం పెట్టె మరవకండి.

ట్రావ్నిక్

ప్రియమైన బావా,

మన గురువారపు ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి; మీది నేను ఏటి నుంచి తిరిగివచ్చాక చేరింది. ఒడ్డున మీరు నా సంచి వైపు, నేను మీ సంచి వైపు చూసిన ఆ చూపు ఈ జన్మకు మరువను. ఇటు కాఫీ, అటు రొట్టె. ట్రౌట్ చేపలు మన కళ్ళెదుటే నిజం ఈగల కోసం ఎగిరెగిరి పడ్డాయి.

నేను పెళ్ళిలో తుంచేసిన ప్రసంగాన్ని మీరు ఆ బండ మీద కూర్చుని చివరి దాకా చెప్పారు. "ఇవాళ్టి నుంచి నాకూ ఓ కూతురు" అన్న మాట అందులో ఉన్నదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. దోషాలు ఉన్నాయి. ఒక్కటీ దిద్దను.

దారిలో చేపల పెంపకం మడుగు దగ్గర కొన్న రెండు ట్రౌట్ల సంగతి మన మధ్యనే ఉండాలి.

మీ హిల్మియా

తా.క.: ఉండలేదు. పెద్ద చేపను మీరు పట్టారని నేను అమ్రాతో గర్వంగా చెప్పాను. నేను పట్టానని మీరు చెప్పారట. "మీరిద్దరూ ఒకరినొకరు ఇంతలా పొగుడుకుంటున్నారంటే, నాన్నా, ఆ చేపను ఎవరూ పట్టలేదన్నమాట" అన్నది. పండుగకు రెండిళ్ళకూ వస్తుందట. గాలం మాత్రం తనే తెస్తుందట.