గోడ అవతలి వైఫై

మర్గిలాన్,
ఏప్రిల్ 16, గురువారం

గౌరవనీయులైన పొరుగింటి ఓయ్నిసో గారికి,

గోడకు ఇవతలి నుంచి ముకర్రం చేస్తున్న సలాం. మీరూ మీ ఇంటిల్లిపాదీ కులాసా అని తలుస్తాను. మీ దగ్గు రోజూ వినిపిస్తోంది కాబట్టి బతికే ఉన్నారని తెలుసు. నలభై ఏళ్ళలో మిమ్మల్ని 'గారు' అనడం ఇదే మొదలు. అంత దూరం తెచ్చుకున్నది మీరే.

విషయానికి వస్తాను. రెండిళ్ళకూ కలిపి పెట్టించిన వైఫై పెట్టె మీ వైపు ఉంది. రెండు వారాలుగా అది నా దగ్గర నిలవడం లేదు. ఫోనులో ఒక గీత కనిపిస్తుంది, నేను నోరు తెరవగానే పోతుంది. ఈ సందులో మొబైల్ నెట్టు సంగతి మీకు తెలియనిది కాదు. మంగళవారం, శుక్రవారం పదింటికి పదకొండు మంది ఆడపిల్లలకు ఫోనులో పాఠం చెబుతానన్నదీ మీకు తెలుసు. పట్టు పడుగు దారాలకు అక్కడక్కడ చిటికి ముడులు కట్టి రంగులో ముంచడం మా అమ్మ నాకు నేర్పింది, నేను వాళ్ళకు నేర్పుతున్నాను. మొన్న మంగళవారం పావుగంటసేపు వాళ్ళకు నోరు తెరుచుకున్న నా బొమ్మ ఒక్కటే కనిపించిందట. పాఠాలు పెట్టిస్తున్న తాష్కెంటు అమ్మాయి మామూలు కాల్ చేసి మర్యాదగానే చెప్పింది, "ఈ శుక్రవారం కూడా తెగిపోతే ఇంకొకరిని చూసుకుంటామండీ, ఏమీ అనుకోకండి" అని. ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? అరవై రెండేళ్ళకు నన్ను గురువుగారూ అని పిలిచిన వాళ్ళు ఆ పదకొండు మందే.

నేను చేతులు ముడుచుకుని కూచోలేదు. ఫోను ఆపి మళ్ళీ వేశాను. పాస్‌వర్డు తుడిపేసి మళ్ళీ కొట్టాను. దానిమ్మ అనక, మల్బరీ అనక, పెరట్లో ఉన్న ప్రతి చెట్టు కిందా ఫోను ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. నా కోడలు వంటింట్లోంచి చూసి నవ్వింది. చివరికి బజారులో ఫోన్లు బాగుచేసే డోనియోర్‌ను పిలిపించాను.

"పెట్టె ఎక్కడ పిన్నీ?" అన్నాడు. గోడ అవతల అన్నాను. "అయితే పదండి, అవతలికి వెళ్ళి చూద్దాం" అన్నాడు. ఆ గడప నేను తొక్కను, నువ్వూ తొక్కడానికి వీల్లేదు అన్నాను. "రోగిని పక్కింట్లో పడుకోబెట్టి నన్నిక్కడ నాడి చూడమంటే ఎట్లా పిన్నీ?" అని తల గోక్కున్నాడు. తర్వాత, "ఈమధ్య ఇంట్లో ఏమైనా మార్చారా?" అని అడిగాడు. నేనేమీ మార్చలేదు, మారింది మనుషులు అన్నాను. టీ తాగి వెళ్ళిపోయాడు.

అంటే ఏమిటి? మీరు ఆ పెట్టెను లోపలి గదిలోకి మార్చి ఉండాలి. లేదా సరిగ్గా పదింటికి దాని తీగ పీకేస్తూ ఉండాలి. ఇంత కక్షా ఓయ్నిసో?

కోపం రావలసింది నాకు కదా. మన సందులో రోబియా ఇంట్లో విందుకు వెళ్ళినప్పుడు పన్నెండు మంది ఆడవాళ్ళ ముందు, "ముకర్రం వేసే ఎరుపు రెండు ఉతుకులకే వెలిసిపోతుంది" అన్నది నువ్వు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. ఆ సాయంత్రమే మన గోడలో ఉన్న కిటికీ మూసేశాను. మన అత్తగార్లు గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడానికి పెట్టించిన ఆ కిటికీకి ఇన్నేళ్ళూ గడియే లేదు, అవసరం పడలేదు. అందుకని తందూరు ఇనుప మూత అడ్డం పెట్టి, కదలకుండా బియ్యం బస్తా ఆనించాను. నీ ముఖం కనపడకూడదని.

ఇంకొకటి. ఆ రోజు పొద్దున నా నీలం గిన్నెలో నీకు పులావు పంపాను. మన సందులో గిన్నె ఖాళీగా తిరిగి రావడం ఎవరూ ఎరగరు. నువ్వు అసలు పంపనే లేదు.

రేపు నా పాఠం తెగిపోతే మన నలభై ఏళ్ళూ తెగిపోయినట్టే అనుకో.

ఇట్లు,
ఒకప్పటి నీ స్నేహితురాలు
ముకర్రం

తా.క. నీ గడప తొక్కనన్నాను కాబట్టి ఈ ఉత్తరం కిటికీలోంచి పడేద్దామని బస్తా జరిపి, మూత తీశాను. తీయగానే జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది, ఆగలేదు.

పెట్టె ఎక్కడికీ పోలేదు. ఇద్దరం కలిసి పెట్టిన చోటే, కిటికీకి నీ వైపు అరుగు మీద, పచ్చ దీపాలతో ఉంది. రెండు మూరల మందం మట్టిగోడకు ఉన్న ఒక్క కంతనూ ఇనుముతో మూసింది నేనే. డోనియోర్ అడిగితే ఏమీ మార్చలేదన్నదీ నేనే.

పెట్టె పక్కన నా నీలం గిన్నె, రుమాలు కప్పి ఉంది. అందులో ఆకుకూర కూరి తందూరులో కాల్చిన సమ్సాలు. ఇంకా వేడిగా ఉన్నాయి.

ఫోనులో వచ్చినవన్నీ ఇన్నాళ్ళూ నెట్టు లేక ఆగిపోయిన నీ సందేశాలే, రోజుకొకటి. "కిటికీ తియ్యి, సమ్సాలు చల్లారుతున్నాయి." "ఇవాళ్టివీ మా పిల్లలకే పెట్టేశాను, నీ ఖర్మ." ఈ పొద్దుటిది: "రేపు పదింటికి నీ పాఠం ఉందిగా, మా ఇంట్లో కూచుని చెప్పుకో మహాతల్లీ." అక్కడే కూలబడి ఏడ్చాను. నాలుగు సమ్సాలు తిన్నాను కూడా.

గిన్నె ఖాళీగా పంపకూడదు కాబట్టి ఈ ఉత్తరం అందులోనే పెడుతున్నాను. పైదంతా చదవకు. గిన్నె అడుగున నేను రంగు వేసిన ఎర్ర పట్టు ముక్క ఉంది. పదిసార్లు ఉతికాను. ఎండలో పట్టుకుని, వెలిసిందేమో నువ్వే చూడు.