స్టేషన్ మీటింగులో పద్మ గొంతు

ఉధ్నా, సూరత్, ఫిబ్రవరి 2021, ఆదివారం

మా గల్లీ వెనక లోకల్ రైలు స్టేషన్ కడతారట. మా అభిప్రాయం అడగడానికి ఈ రోజు ఒక ఆఫీసరు వచ్చాడు. మన తెలుగాయనే. మమ్మల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి, మాస్కు వేసుకునే మాట్లాడాడు. ముప్పై ఏళ్లు సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో బట్ట నేసినవాళ్లం, మాకు చెవుల కంటే ఎదుటివాళ్ల పెదవులే ఆధారం. మాస్కు వెనక అవెక్కడ కనపడతాయి? మళ్లీ చెప్పమనడానికి సిగ్గేసి అందరం తలలూపాం. "ఎవరికీ అభ్యంతరం లేదు కదా" అని ఆయన అడిగాడని తర్వాత తెలిసింది!

అప్పుడే, మాలాగా చెవులు పోని నా భార్య పద్మ లేచింది.

"సారూ, జర ఆగుండ్రి! వీళ్లకు ఒక్క ముక్క ఇనవడలే. తలకాయ ఊపిండ్రని ఒప్పుకున్నట్టు రాయకుండ్రి!"

మాస్కులోంచే అరిచినా నాకు ప్రతి మాటా వినపడింది. ఆఫీసరు వెనక్కి జరిగి, మాస్కు దించి మళ్లీ చెప్పాడు. స్టేషన్ గోడ మా గల్లీకి అడ్డం వస్తుందట.

"గోడ కడితే అంబులెన్సు యాడికెల్లి రావాలె సారూ?" అని అడిగాను. అది రాసుకున్నాడు.

ఇంట్లో ఎందుకట్లా ఒర్రుతావని పద్మను ఎన్నిసార్లు కసురుకున్నానో. నా చెవుల కోసమే ఆ గొంతు అంత పెరిగిందని ఇన్నేళ్లూ తట్టలేదు.

దారిలో అడిగింది, "మరీ గట్టిగ ఒర్రిన్నా?"

"ఇంకా జర ఒర్రాల్సింది" అన్నాను.

గోడ జరుపుతారో లేదో. రైళ్లు మొదలైతే, ఆ మోతలో కూడా పద్మ మాట నాకు వినపడుతుందా...